పెట్టె లేని కారు సీటు, పగులు మీద టేపు: పిల్లలకు సీటు కొనబోయేవారికి హెచ్చరిక

ఆ దుకాణం మెట్లు దిగి వచ్చి ఇంకా రెండు గంటలు కూడా కాలేదు కనుక, ఈ రాతలో వేడి కనిపిస్తే చదివేవారు మన్నించాలి. దుకాణం పేరు నేను రాయను. ఊయలలు, వాకర్లు, మూడు చక్రాల సైకిళ్లు కాలిబాట మీదకి పరిచి, నడిచేవాళ్లను రోడ్డు మీదకి దింపే ఆ మూడంతస్తుల పిల్లల సామాన్ల దుకాణం అంటే మన వైపు తల్లిదండ్రులకు వేరే గుర్తు అక్కర్లేదు. అక్కడ నేను పన్నెండు రోజుల క్రితం 14,500 రూపాయలు ఇచ్చి మా పాపకు ‘కొత్త’ కారు సీటు కొన్నాను. అది కొత్తది కాదు. ఎవరో ఏళ్ల తరబడి వాడి వదిలేసినది, లోపల పగిలినది, ఆ పగులును టేపుతో అతికించి పైన కవరు తొడిగి నాకు అంటగట్టినది.

పాపకు రెండేళ్లు నిండాయి. బరువు 11 కిలోలు, ఎత్తు 86 సెంటీమీటర్లు. పుట్టినప్పటి నుంచి వాడుతున్న బుట్ట సీటు మీద 13 కిలోల వరకు అని రాసి ఉంది కాబట్టి ఇంకో ఆరు నెలలు నిశ్చింత అనుకున్నాను. ఒకరోజు చూస్తే పాప నడినెత్తి ఆ సీటు పై అంచుకు దాదాపు సమానంగా వచ్చేసింది. కిలోలు మిగిలి ఉన్నా తల అంచు దాకా వస్తే ఆ సీటు పని అయిపోయినట్టేనని నాకు తెలుసు. పెట్టె సీలుతో సహా ఆన్‌లైన్‌లో తెప్పిద్దామని మావారు అన్నారు. పాపను కూర్చోబెట్టి చూడకుండా, మన కారులో బిగించి చూడకుండా ఎలా కొంటామని నేనే వాదించి నెగ్గాను. వాదన సరైనదే, నెగ్గి నేను వెళ్లిన చోటే సరైనది కాదు.

దుకాణం యజమాని స్వయంగా లేచి వచ్చాడు. “రా చెల్లెమ్మా” అన్నాడు. పాపకు బుడగ ఇచ్చాడు. బరువు ఎంత అని గానీ, ఎత్తు ఎంత అని గానీ, మా కారు ఏమిటని గానీ అడగలేదు. “రెండేళ్లా? అయితే ఇదే, పుట్టినప్పటి నుంచి పన్నెండేళ్ల దాకా ఇదొక్కటే” అని బూడిద రంగు సీటు ఒకటి తీయించాడు. వయసును బట్టి చెప్పులే కొనం కదా, సీటు ఎలా కొంటామని నేను ఆ క్షణంలో అడిగి ఉండవలసింది. యూరప్ ప్రమాణాల్లో పాతదైన ఆర్44 పిల్లల బరువును బట్టి సీట్లను విభజిస్తుంది, కొత్తదైన ఆర్129 ఎత్తును బట్టి విభజిస్తుంది. రెండింటిలోనూ వయసు ఉజ్జాయింపు మాత్రమే. ఇదంతా చదువుకునే వెళ్లాను. చదువుకుని వెళ్లి కూడా “చెల్లెమ్మా” అన్న పిలుపు దగ్గర నా చదువు ఆగిపోయింది.

ఆ సీటుకు పెట్టె లేదు. గోదాములో నీళ్లు పడి పెట్టె తడిసిపోయిందని, అందుకే వెయ్యి రూపాయలు తగ్గించి ఇస్తున్నానని చెప్పాడు. వాడకం పుస్తకం కూడా లేదు; దాని బదులు ఒకే కాగితం, అదీ సగం అక్షరాలు మాయమైన జిరాక్సు. పెట్టెను తడిపిన నీళ్లు పుస్తకాన్ని కూడా తడిపి, లోపలి సీటును మాత్రం పొడిగా వదిలిపెట్టాయట. ఇంత తెలివైన నీళ్లను నమ్మిన నా తెలివిని ఏమనాలో నాకే తెలియడం లేదు. సీటు కిందికి దింపుతున్న కుర్రవాడు “అన్నా, ఆ సీటా?” అని ఒక్క మాట అని యజమాని కళ్లు చూసి ఊరుకున్నాడు. ఆ మాట నేను విన్నాను. విని, బరువుగా ఉందని అంటున్నాడేమో అనుకున్నాను.

వెనక్కి తిప్పి బిగించమని నేను అడిగాను. పెద్దవాళ్లతో పోలిస్తే చిన్నపిల్లల ఒంటి బరువులో తల వాటా ఎక్కువ, మెడ ఇంకా గట్టిపడి ఉండదు. ఎదురుగా ఏదైనా గుద్దినప్పుడు ముందుకు చూసే సీటులో బెల్టు ఒంటిని పట్టుకుంటుంది గానీ తల ముందుకు విసురుగా వెళ్లి ఆ భారమంతా మెడ మీద పడుతుంది, వెనక్కి చూసే సీటులో తల, మెడ, వీపు మూడింటినీ సీటు వీపే కలిపి ఆపుతుంది. స్వీడన్‌లో నాలుగేళ్ల దాకా పిల్లల్ని వెనక్కి తిప్పి కూర్చోబెట్టడం మామూలు. ఇవన్నీ చెబితే యజమాని నవ్వాడు. “వెనక్కి తిప్పితే పిల్లకి వాంతులవుతాయి చెల్లెమ్మా, కాళ్లు ఎక్కడ పెట్టుకుంటుంది?” అన్నాడు. కాళ్లు మడుచుకుంటుంది, పిల్లలు ఇంట్లో కూర్చునేదీ అలాగే. కానీ అప్పటికే ఆయన సీటును మా కారులో ముందుకు చూసేలా పెట్టేసి, పాపను ఎత్తి కూర్చోబెట్టి, బెల్టు బిగించి, బుగ్గ గిల్లాడు. నేను డబ్బు కట్టాను. బిల్లు మీద ‘బేబీ ఐటమ్, 1’ అని రాసి ఉంది. కంపెనీ లేదు, మోడల్ లేదు. అడుగున మాత్రం ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని ఎర్ర అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి.

మొన్న శనివారం విజయవాడ బయలుదేరాం. సూర్యాపేట దాటాక పాప, యజమానిగారు చెప్పినట్టే ముందుకు చూస్తూ కూర్చున్న పాప, తాగిన మామిడి రసం మొత్తం సీటు మీద కక్కేసింది. వాంతులకు భయపడి తిప్పించిన దిక్కులోనే వాంతి అయింది. ఆ వాంతికి నేను ఇప్పుడు దండం పెడుతున్నాను, ఎందుకంటే అది కాకపోతే ఆ కవరు నేను విప్పేదాన్నే కాదు.

ఆదివారం మా అమ్మగారింట్లో పెరట్లో కూర్చుని కవరు విప్పాను. ముందు బిస్కెట్ పొడి రాలింది. మా పాప ఆ సీటులో బిస్కెట్ తినలేదు. తర్వాత సందులోంచి చిన్న తల క్లిప్పు ఒకటి బయటపడింది, సీతాకోకచిలుక బొమ్మది, ఎర్రది. మా పాపకు ఇంకా క్లిప్పు నిలిచేంత జుట్టు లేదు. ఆ తర్వాత తల పక్కన ఉండే తెల్లని థర్మకోల్ కనిపించింది. అది అడ్డంగా పగిలి ఉంది, పగులు పొడవునా గోధుమ రంగు ప్యాకింగు టేపు అంటించి ఉంది. టేపు అంచులు మురికి పట్టి నల్లబడ్డాయి. మా నాన్నగారు కళ్లద్దాలు తెచ్చుకుని, సీటును తిరగేసి, అడుగున ప్లాస్టిక్‌లోనే అచ్చు పోసిన గడియారం లాంటి గుర్తు చూపించారు. వలయం మధ్యలో బాణం, పక్కన 2015. ఆయన జీవితమంతా ప్లాస్టిక్ అచ్చుల పనిలో ఉన్నారు కనుక ఆ గుర్తు తయారీ కాలానిదని చూడగానే చెప్పారు. అంటే నేను కొన్న కొత్త సీటు మా పెళ్లికంటే పాతది.

ఆ థర్మకోల్ అలంకారం కోసం పెట్టింది కాదని ఇక్కడ చెప్పాలి. హెల్మెట్ లోపల ఉండే పదార్థం లాంటిదే అది. దెబ్బ తగిలినప్పుడు తాను నలిగి, పగిలి, ఆ దెబ్బను తలకు చేరనివ్వకుండా మింగుతుంది. ఒకసారి ఆ పని చేసినది రెండోసారి చేయలేదు. పెద్ద ప్రమాదంలో ఉన్న సీటును పైకి బాగానే కనిపించినా మళ్లీ వాడవద్దని తయారీదారులు చెప్పేది అందుకే. ఈ సీటు ప్రమాదంలో పగిలిందో, గోదాములో అటక మీద నుంచి పడి పగిలిందో చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు. ఆ క్లిప్పు పెట్టుకున్న పిల్ల క్షేమంగా ఉండి ఉంటుందని మాత్రం రెండు రోజులుగా నాకు నేనే చెప్పుకుంటున్నాను. ఇంకొకటి కూడా అప్పుడే గమనించాను. బెల్టును బిగించే మధ్య పట్టీ లాగితే నిలుస్తుంది గానీ కొంచెం కుదిపితే మెల్లగా జారిపోతుంది. భుజం దగ్గర బెల్టును రెండు వేళ్లతో చిటికెలా పట్టుకుంటే మడత దొరకకూడదన్నది అందరూ చెప్పే పరీక్ష. దీనికి మడత కాదు, పిడికిలే దొరికింది. ఆ బెల్టుతో నా పిల్లను 65వ నంబరు జాతీయ రహదారి మీద తీసుకువెళ్లాను.

ఈ రోజు ఉదయం సీటును, విప్పిన కవరును, క్లిప్పును తీసుకుని దుకాణానికి వెళ్లాను. నేను గొడవకు వెళ్లలేదు. పొరపాటున పాత సరుకు కలిసిపోయి ఉంటుంది, మార్చి ఇస్తారు అనే అనుకుని వెళ్లాను. యజమాని టేపు మీద బొటనవేలితో ఒకసారి రుద్ది చూశాడు. తల ఎత్తి, “ఈ టేపు మీరే అంటించి తెచ్చారు మేడమ్” అన్నాడు.

అక్కడ నాకు మాట రాలేదు. పన్నెండు రోజుల్లో చెల్లెమ్మ మేడమ్ అయింది, మేడమ్ దొంగ అయింది. పాప వాడకంలోనే పగిలిందని, దాన్ని దాచి డబ్బు వాపసు కోసం నాటకమాడుతున్నానని, ఇలాంటివాళ్లను రోజుకు పదిమందిని చూస్తానని, కొనడానికి వచ్చిన వాళ్లందరూ వినేలా చెప్పాడు. 2015 గుర్తు చూపిస్తే అది అచ్చు నంబరన్నాడు. నారింజ రంగు లేబుల్ ఏదని అడిగాను. యూరప్ ప్రమాణాల ప్రకారం ఆమోదం పొందిన సీటుకు వలయంలో ఇంగ్లీషు ‘E’ అక్షరం, దేశం సంఖ్య, ఎంత బరువు లేదా ఎంత ఎత్తు వరకు వాడవచ్చో చెప్పే లేబుల్ ఉంటుంది. ఈ సీటు మీద ఆ లేబుల్ ఉండవలసిన చోట గోకిన జిగురు మరక ఉంది. దానికి జవాబు రాలేదు. కుర్రవాడి వైపు చూశాను. వాడు నేల చూపులు చూశాడు. వాడిని నేను తప్పుపట్టను, వాడి జీతం ఆ నేల మీదే ఉంది.

చివరికి నేను, ఇది పసిపిల్ల ప్రాణం సంగతి కదండీ అన్నాను. దానికి ఆయన గల్లాపెట్టె మూస్తూ అన్న మాట ఇది: “అంత భయమున్నవాళ్లు పిల్లల్ని కారు ఎక్కించకూడదు మేడమ్. మా పిల్లలు సీట్లు లేకుండానే పెరిగారు.”

మేమూ అలాగే పెరిగాం. అంబాసిడర్ వెనక సీటులో ఏడుగురం పిల్లలం కుక్కుకుని తిరుపతి వెళ్లివచ్చాం, ఏమీ కాలేదు. ఏదైనా అయినవాళ్లు ఈ మాట చెప్పడానికి దుకాణంలో గల్లాపెట్టె ముందు కూర్చుని ఉండరు కనుక ఆయనకు అలా అనిపించడంలో వింత లేదు. కానీ తన పిల్లలకు అవసరమే లేదనుకున్న వస్తువును నా పిల్లకు 14,500కు అమ్మడానికి మాత్రం ఆయనకు ఏ అభ్యంతరమూ లేకపోయింది.

బిల్లు మీది ఎర్ర అక్షరాలకు భయపడేవారి కోసం ఒక మాట. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వాడిన సరుకును, పాత సరుకును కొత్తదని చెప్పి అమ్మడాన్ని అనుచిత వ్యాపార పద్ధతిగా పేరుపెట్టి మరీ చెప్పింది. లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువేమీ చెప్పకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం కూడా అందులోకే వస్తుంది. దుకాణం మెట్లు దిగుతూనే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. వాళ్ల మధ్యవర్తిత్వంతో తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. ఐదు లక్షల లోపు విలువకు అక్కడ రుసుము లేదు. ‘బేబీ ఐటమ్’ అన్న రెండు మాటలతో ఆ సీటు ఈ సీటేనని రుజువు చేయడం ఎంత కష్టమో ఇప్పుడు అర్థమవుతోంది. కొన్నరోజు పాప ఆ సీటులో బుడగ పట్టుకుని కూర్చుని ఉండగా దుకాణం ముందు మావారు తీసిన ఫోటో ఒకటి ఉంది, వెనకాల బోర్డు కూడా పడింది. ప్రస్తుతానికి నా ఆధారమంతా ఆ బుడగ ఫోటోయే.

కొనబోయేవారికి చెప్పేది ఎక్కువ లేదు. పెట్టె, వాడకం పుస్తకం, చెరగని లేబుల్ ఈ మూడింటిలో ఏది లేకపోయినా ఎంత తగ్గించినా కొనకండి. పిల్లల బరువు, ఎత్తు కాగితం మీద రాసుకుని వెళ్లి లేబుల్‌తో పోల్చి చూసుకోండి. మీ కారులో బిగించాక బెల్టు వెళ్లే చోట సీటును పట్టి కుదిపితే అంగుళానికి మించి కదలకూడదు. బిల్లు మీద కంపెనీ పేరు, మోడల్, సీరియల్ నంబరు రాయించుకోండి. డబ్బు కట్టేముందు కవరు విప్పి చూపించమనండి, విప్పనంటే బయటికి వచ్చేయండి. మొహమాటపడకండి, నేను పడిన మొహమాటం ఖరీదు పైన రాశాను.

ఇంకొక్క మాట, ఇది రాయడానికే అసలు తొందరపడ్డాను. ఈ రోజు నేను బయటికి వస్తున్నప్పుడు కింది అంతస్తులో, మెట్ల పక్కన ఎడమవైపు, ఎరుపు నలుపు రంగుల సీటు ఒకటి పెట్టె లేకుండా ఉంది. కడుపుతో ఉన్న ఒకామె దాని ధర అడుగుతోంది. “రా చెల్లెమ్మా” అన్న గొంతు నా వెనకనుంచి వినిపించింది. ఆమెను పక్కకు పిలిచి చెప్పేలోగా కుర్రవాడు తలుపు మూశాడు. ఆమెను మీలో ఎవరైనా ఎరిగి ఉంటే ఈ సంగతి ఈ రాత్రికే ఆమెకు చేరవేయండి.