వాడిన రైఫిల్‌కు కోల్డ్ బ్లూ: ద్రవమూ, పేస్టూ వాడి చూశాక

చేతులు మారి నా దగ్గరికి వచ్చిన ఒక బోల్ట్ యాక్షన్ రైఫిల్ (బోల్ట్ అనే భాగాన్ని పిడితో చేత్తో జరిపి తూటా ఎక్కించే రకం) లోహభాగాలను శుభ్రం చేసి, మెరుగు పోయిన చోట్ల తిరిగి నలుపు తేవడానికి కోల్డ్ బ్లూ అనే రసాయనాన్ని రెండు రూపాల్లో కొన్నాను. ఒకటి సీసాలో వచ్చే ద్రవం, రెండోది ట్యూబులో వచ్చే పేస్టు. ఏడాదిగా ఆ రైఫిల్ వాడకంలోనే ఉంది కనుక, వేసిన రోజు ఎలా కనిపించిందో మాత్రమే కాక ఇప్పుడు ఎలా ఉందో కూడా చెప్పగలను. చిన్న గీతలకూ, రాపిడికి తెల్లబడిన అంచులకూ ద్రవం నిజంగా పనికొచ్చే సరుకు. బ్యారెల్ మొత్తానికీ కొత్తదనం వస్తుందన్న ఆశతో కొనేవారికి మాత్రం ఈ రెండింటిలో ఏదీ వద్దనే చెబుతాను.

అలా ఎందుకంటున్నానో తెలియాలంటే ఉక్కు మీది ఆ నీలి నలుపు ఏమిటో తెలియాలి. అది పైన పూసిన రంగు కాదు. ఇనుము ఆక్సిజన్‌తో కలిసి ఏర్పడిన మాగ్నటైట్ అనే పలుచని పొర. ఎర్ర తుప్పు కూడా ఐరన్ ఆక్సైడే అయినా అది పెచ్చులూడుతూ లోపలి లోహాన్ని తినుకుంటూ పోతుంది. మాగ్నటైట్ పొర మాత్రం లోహాన్ని అంటిపెట్టుకొని ఉండి, పైన రాసిన నూనెను తనలో నిలుపుకుంటుంది. కర్మాగారాల్లో సోడియం హైడ్రాక్సైడ్, నైట్రేట్ లవణాలు కలిపిన ద్రావణాన్ని సుమారు 140 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరిగిస్తూ అందులో భాగాలను ముంచుతారు. అంతకంటే పాత పద్ధతిలో ఉక్కుకు కావాలనే తుప్పు పట్టించి, మరిగే నీటిలో ఉంచి ఆ ఎరుపును నలుపుగా మార్చి, సన్నని తీగల బ్రష్షుతో వదులు పొడిని దులిపి, రంగు చిక్కబడే దాకా రోజుల తరబడి అదే పని మళ్ళీ మళ్ళీ చేసేవారు. కోల్డ్ బ్లూ ఈ రెండు దారుల్లో దేనిదీ కాదు. అందులోని సెలీనియం ఆమ్లం, రాగి లవణాలు ఇనుముతో చర్య జరిపి ఒక నల్లని పదార్థాన్ని ఉక్కు పైన పేరుస్తాయి. మరిగే తొట్టె అక్కర్లేకుండా నిమిషంలో నలుపు రావడం దాని గొప్ప, ఆ నలుపు అసలు పొరంత గట్టిగా నిలవకపోవడం దాని లోపం.

ఇక పనిలోకి వస్తే, పట్టిన సమయంలో ముప్పాతిక వంతు శుభ్రం చేయడానికే పోయింది, అలా పోవడమే సరైనది. మొదట తూటాలుండే మ్యాగజైన్ తీసి, బోల్ట్ వెనక్కి లాగి, తూటా కూర్చునే చాంబరులోకి కంటితో చూసి, వేలు పెట్టి తడిమి, తూటా లేదని రెండుసార్లు నిర్ధారించుకోవాలి. తూటాలన్నీ వేరే గదిలో పెట్టిన తరువాతే రసాయనాల మూతలు తీయాలి. బ్యారెల్ లోపలిని వీలైనంతవరకు చాంబరు వైపు నుంచే, శుభ్రం చేసే కడ్డీ బ్యారెల్ ముందుకొస అయిన మూతి అంచుకు రాసుకోకుండా శుభ్రం చేసుకోవాలి, ఎందుకంటే తూటా బయటికి వెళ్ళేటప్పుడు చివరిగా వదిలే చోటు అదే గనుక అక్కడ అరుగుదల గురిని చెడగొడుతుంది. కోల్డ్ బ్లూ చుక్క కూడా లోపలికి జారకూడదు.

పైభాగంలో నా రైఫిల్‌కు మూడు రకాల మచ్చలు ఉన్నాయి. రిసీవరు (బోల్ట్ కదిలే భాగం) పక్కన నూనె ఎండి గోధుమరంగు జిగురుగా మారిన మరక, బ్యారెల్ కింద కొయ్యకు ఆనుకొని ఉండే చోట మెంతిగింజంత తుప్పు చుక్కలు, బోల్ట్ పిడి మీదా మూతి దగ్గరా మెరుగు పూర్తిగా పోయి తెల్లగా మెరిసే ఉక్కు. మొదటిదాన్ని తుప్పని పొరబడి గీకకూడదు, అది ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డకే వదిలిపోయింది. తుప్పు చుక్కల మీద పలుచని నూనె వేసి, ఒక రాత్రి నాననిచ్చి, నాలుగు సున్నాల (0000, అతి సన్నని) స్టీల్ ఊల్, అంటే ఉక్కు పీచుతో వేలి కొస ఒత్తిడి మాత్రమే పెట్టి రుద్దాను. నూనె ఎర్రగా మారగానే తుడిచి, మళ్ళీ కొత్త నూనె వేయాలి. పొడిగా రుద్దితే తుప్పుతో పాటు పక్కనున్న మంచి నలుపూ పోతుంది. గరుకు కాగితం జోలికి అసలు పోవద్దు. ముఖ్యంగా క్రమసంఖ్య, తయారీ ముద్రలు ఉన్న చోట ఏ రుద్దుడూ వద్దు, సంఖ్య చెరిగిన ఆయుధం చాలా దేశాల్లో నేరమే అవుతుంది.

ద్రవం తీరు ఇలా ఉంది. అసిటోన్‌తో జిడ్డు తీసి, నైట్రైల్ చేతి తొడుగులు వేసుకొని, జుట్టు ఆరబెట్టే యంత్రంతో బోల్ట్ పిడిని చేతికి గోరువెచ్చగా తగిలేదాకా వేడిచేశాను. సీసాలోంచి కొన్ని చుక్కలు గాజు గిన్నెలోకి ఒంపుకొని, దూది పుల్లతో ఒకే దిశలో ఒక్క గీత గీశాను. తడి తగిలిన మరుక్షణమే ఉక్కు ముందు ఊదారంగులోకి, ఆపైన బొగ్గు నలుపులోకి మారింది. నిమిషం తరువాత చల్లని నీటితో కడిగి, ఆరబెట్టి, స్టీల్ ఊల్‌తో తేలిగ్గా దులిపితే సగం నలుపు మసిలా రాలిపోయింది. మొదటిసారి చూసేవారికి సరుకు పనికిరాదనిపించే చోటు ఇదే, కానీ రాలాల్సింది రాలాకే రెండో పూత పట్టుకుంటుంది. నాలుగో పూతకు పిడి రంగు పక్కనున్న పాత రంగుతో దాదాపు కలిసిపోయింది. వాడిన దూదిని తిరిగి సీసాలో ముంచితే మిగిలిన ద్రవమంతా పాడవుతుంది. మరో సంగతి, కొత్త స్టీల్ ఊల్‌కు తుప్పు పట్టకుండా కర్మాగారంలోనే నూనె రాసి ఉంటుంది. దాన్నీ అసిటోన్‌లో ముంచి ఆరబెట్టకపోతే, కష్టపడి జిడ్డు తీసిన ఉక్కుకు మనమే మళ్ళీ జిడ్డు పూసినట్టవుతుంది. మూతి దగ్గర నా మొదటి ప్రయత్నం చారలు చారలుగా రావడానికి కారణం ఇదేనని రెండో రోజుకు గాని నాకు అర్థం కాలేదు.

ద్రవంతో పాటు వచ్చిన సూచనల కాగితం మీద నాకొక గట్టి ఫిర్యాదు ఉంది. నీటితో కడిగి నూనె రాయమని చెప్పి ఊరుకున్నారు. నేను అలాగే చేశాను. తెల్లవారి చూస్తే పిడి మెడ దగ్గరి సన్నని సందులో పసుపు కలిసిన ఎర్రటి తుప్పు లేచి ఉంది. సందులో మిగిలిన ఆమ్లం రాత్రంతా పని చేస్తూనే ఉందన్నమాట. ఆ చోటు మొత్తం తుడిచి పని మొదటి నుంచి చేయాల్సి వచ్చింది. రెండోసారి కడిగిన వెంటనే వంటసోడా కలిపిన నీటితో తుడిచి, మళ్ళీ మంచినీటితో కడిగి, వేడిగాలితో సందులన్నీ ఆరబెట్టి, నూనె దండిగా పట్టించి రాత్రంతా ఉంచాక ఆ బాధ తిరిగి రాలేదు. ఒక్క వాక్యం అచ్చువేస్తే తప్పే నష్టం ఇది. సెలీనియం సమ్మేళనాలు విషపూరితమన్న హెచ్చరిక కూడా సీసా వెనక చిన్న అక్షరాల్లో ఉండడం నాకు నచ్చలేదు. కిటికీలు తెరిచిన గదిలో, వంట పాత్రలకూ పిల్లలకూ దూరంగా చేయవలసిన పని ఇది.

పేస్టు గురించి ఎక్కువ చెప్పేది లేదు. కారిపోదు కనుక బ్యారెల్ లాంటి గుండ్రని చోట పట్టు సులువుగా కుదురుతుంది, వెడల్పు మచ్చ మీద చారలు తక్కువ. కానీ రంగు నలుపు కంటే బూడిదకు దగ్గరగా ఆగిపోతుంది, మూడు పూతలు దాటాక ఇక చిక్కబడలేదు. బల్బు వెలుగులో రెండూ నల్లగానే కనిపిస్తాయి. పగటి వెలుగులోకి తెచ్చి వాలుగా పట్టుకుంటే తేడా తెలుస్తుంది, కాబట్టి సరిచూసుకోవడం ఎండలోనే చేయాలి.

ఏ లోహం మీద పని చేయదో కొనేముందే తెలుసుకోవడం మంచిది. నా రైఫిల్ ట్రిగ్గర్ చుట్టూ ఉండే గార్డ్ అల్యూమినియం మిశ్రమం. దాని మీద ద్రవం మచ్చ కూడా పెట్టలేదు, దానికి వేరే రసాయనం కావాలి. అయస్కాంతం అంటించి చూస్తే అల్యూమినియం వెంటనే బయటపడుతుంది, కాని ఈ ద్రవం సరిగా పట్టని స్టెయిన్‌లెస్ బ్యారెళ్ళలో చాలావాటికి అయస్కాంతం అంటుకుంటుంది గనుక ఆ పరీక్షను అక్కడ నమ్మకూడదు. ఫాస్ఫేట్ పూత ఉన్న మసక బూడిదరంగు తుపాకుల మీద ఇది అతికినట్టు కనిపించదు. ఇక పురాతనమైన, సేకరణ విలువ ఉన్న రైఫిల్ అయితే తుప్పును ఆపి, నూనె రాసి, అసలు పొర ఎంత అరిగినా అలాగే ఉంచాలి. కొత్త నలుపు వేసిన మరుక్షణం దాని విలువ పడిపోతుంది, పోయిన అసలు పొరను ఎవరూ తిరిగి తేలేరు.

ఏడాది తరువాత చూస్తే, మూతి దగ్గర వేసిన ద్రవం ఇంకా నల్లగానే ఉంది, ఎందుకంటే అక్కడ చేయి తగలదు. బోల్ట్ పిడి మీద మాత్రం అరచేయి ఆనే భాగం ఆరో నెలకే తేటపడింది, ఒకసారి మళ్ళీ వేశాను, పావుగంట పట్టింది. పేస్టు వేసిన బ్యారెల్ అడుగు కొయ్యలో దాగి ఉంటుంది కనుక రంగు ఎలా ఉన్నా అక్కడ తుప్పు తిరిగి లేవకపోవడమే నాకు కావలసింది, అది లేవలేదు. వాడిన ప్రతిసారీ చెమట చేతుల గుర్తులు తుడిచి పలుచగా నూనె రాస్తున్నాను, అందులో ఈ సరుకు వాటా ఎంతో విడదీసి చెప్పలేను. మళ్ళీ కొనవలసి వస్తే ద్రవమే, అదీ అతి చిన్న సీసాయే కొంటాను. ఇన్ని పూతలు వేసినా నా సీసాలో సగానికి పైగా మిగిలే ఉంది. దాన్ని తుపాకీ ఉండే బీరువాలో కాక వేరే చోట తాళం వేసి దాచాను, ఆమ్లం ఉన్న సీసా ఉక్కు పక్కన ఉండకూడదు.