వెబ్‌క్వెస్టుతో పాఠం: ఏళ్ల తరబడి వాడాక తేలినవి

"నెట్‌లో చూసి రాసుకు రండి" అని పిల్లల్ని వదిలేస్తే ముప్పై నోటుపుస్తకాల్లోనూ ఒకటే పేరా కనిపిస్తుంది. అందులో పిల్లల తప్పు తక్కువ, అడిగిన ప్రశ్న తప్పు ఎక్కువ. వెబ్‌క్వెస్టు అనే పద్ధతికి 1995లో శాన్ డియాగో స్టేట్ యూనివర్సిటీలో బెర్నీ డాడ్జ్, టామ్ మార్చ్ రూపం ఇచ్చారు. పిల్లల సమయం సమాచారం వెతకడానికి కాకుండా, దొరికిన సమాచారంతో ఆలోచించడానికి పోవాలన్నది దాని మూలం. వెతికే పని టీచరు ముందే చేసి పెడతాడు. చాలాకాలం వాడాక మా అభిప్రాయం ఇది: పద్ధతి గట్టిది, కానీ దాని బలమంతా ప్రశ్నలో ఉంది, లింకుల్లో లేదు.

టీచరు తయారుచేసే వెబ్‌క్వెస్టు పేజీలో ఐదు భాగాలు ఉంటాయి: పరిచయం, చేయాల్సిన పని, చేసే క్రమం, మూల్యాంకనం, ముగింపు. లింకులు క్రమంలోనే, ఏ మెట్టు దగ్గర అవసరమో అక్కడే రావాలి. విడిగా ఒక జాబితాగా పెడితే పిల్లలు మొదటిది తెరిచి అక్కడే ఆగిపోతారు. కొత్తగా తయారుచేసేవాళ్లు బొమ్మలతో పరిచయాన్ని అలంకరించడానికే సగం సమయం పోగొట్టుకుంటారు. దానికి నాలుగు వాక్యాలు చాలు. ఆ శ్రమంతా పని మీద పెట్టాలి.

"గ్రీన్‌లాండ్ గురించి సమాచారం సేకరించండి" అనేది పని కాదు. దాన్నే ఇలా మార్చి చూడండి: "మెర్కేటర్ పటంలో (ధ్రువాల వైపు ప్రాంతాలను సాగదీసి చూపే ప్రపంచ పటం) గ్రీన్‌లాండ్ ఆఫ్రికాకు దీటుగా కనిపిస్తోంది. నిజానికి ఆఫ్రికా దాదాపు 14 రెట్లు పెద్దది. ఈ పటాన్ని పక్కన పడేయాలా, ఉంచాలా?" ముగ్గురేసి జట్లు కట్టి ఒకరిని ఓడ నడిపేవాడిగా, ఒకరిని జనసాంద్రత చూపేవాడిగా, ఒకరిని పాఠ్యపుస్తకం వేసేవాడిగా నిలబెట్టండి. ఒకే దిక్కు పట్టుకుని వెళ్లే దారి ఆ పటంలో సరళరేఖగా వస్తుంది కాబట్టి ఓడవాడు వదులుకోనంటాడు. వైశాల్యాలు సరిగా లేకపోతే సాంద్రత పటం అబద్ధం చెబుతుంది కాబట్టి రెండోవాడు ఒప్పుకోడు. ఈ తగువు తీర్చే వాక్యం ఏ ఒక్క పేజీలోనూ సిద్ధంగా ఉండదు. వాళ్లే వాదించి తేల్చుకోవాలి, ఆ వాదనే పాఠం.

ఒక్కో పాత్రకు రెండు లింకులు మించనివ్వకండి. లింకు పక్కన "ఈ పేజీలో రెండో పటం మాత్రమే చూడు, ధ్రువాల దగ్గర ఏమవుతోందో రెండు వాక్యాలు రాయి" అన్నంత స్పష్టంగా సూచన ఉండాలి. విజ్ఞాన సర్వస్వాల వ్యాసాలు ఏడో తరగతి పిల్లలకు చాలాసార్లు బరువవుతాయి. అలాంటప్పుడు వ్యాసం మొత్తం కాక ఒక్క విభాగానికే లింకు ఇవ్వాలి.

సైన్సుకు మా మొదటి ఎంపిక కొలరాడో బోల్డర్ విశ్వవిద్యాలయం వాళ్ల ఫెట్ సిమ్యులేషన్లు, అంటే తెర మీదే మార్చి చూసే ప్రయోగాలు. ఉచితం, కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. అయితే పని ఇవ్వకుండా తెరిపిస్తే అది ఆటబొమ్మే అవుతుంది. లోలకం సిమ్యులేషనే తీసుకోండి. తెరవకముందే కాగితం మీద అంచనా రాయించాలి: పొడవు నాలుగు రెట్లయితే డోలనకాలం (ఒకసారి అటూ ఇటూ ఊగి రావడానికి పట్టే సమయం) ఎన్ని రెట్లు? చాలామంది నాలుగు అంటారు. అప్పుడు పొడవు 0.25 మీటర్లు పెట్టి కొలిస్తే సుమారు 1 సెకను, 1 మీటరు పెడితే సుమారు 2 సెకన్లు వస్తుంది. ముందు రాసిన అంచనా తప్పినప్పుడే "ఎందుకు?" అనే ప్రశ్న పిల్లల నోట వస్తుంది.

ఇక్కడ రెండు పొరపాట్లు ప్రతి తరగతిలోనూ జరుగుతాయి. పొడవు, బరువు, కోణం మూడూ ఒకేసారి మార్చేసి దేనివల్ల ఏది మారిందో తెలియక తికమకపడతారు. అందుకని పట్టికలో "మార్చింది", "మార్చకుండా ఉంచింది" అని రెండు గడులు తప్పనిసరి. రెండోది, లోలకాన్ని అడ్డంగా పైకి లాగి వదులుతారు. కోణం 90 డిగ్రీలైతే డోలనకాలం దాదాపు 18 శాతం పెరిగి, చిన్న కోణాలకే వర్తించే పాఠంలోని సూత్రంతో సరిపోదు. 10 డిగ్రీలు దాటొద్దని మొదట్లోనే రాసి, కోణం ప్రభావాన్ని చివరి ప్రశ్నగా ఉంచుకుంటే మంచిది.

లెక్కలకు జియోజీబ్రా అనే గణిత సాఫ్ట్‌వేర్‌లో త్రిభుజాన్ని లాగుతూ కోణాల మొత్తం చూపించడం బాగుంటుంది. కానీ దశాంశాలు లేకుండా చూపేలా పెడితే 60.4, 60.4, 59.2 డిగ్రీల కోణాలు 60, 60, 59గా కనబడి మొత్తం 179 వస్తుంది. పిల్లలు అది పట్టుకుంటారు, పట్టుకోవాలి కూడా. సెట్టింగుల్లో రెండు దశాంశాలకు మార్చి, సవరింపు (రౌండింగ్) అంటే ఏమిటో ఓ ఐదు నిమిషాలు మాట్లాడితే అసలు పాఠం కంటే అదే ఎక్కువ గుర్తుంటుంది.

ఈ పద్ధతిలో పెద్ద లోపం నిర్వహణ. లింకులు చచ్చిపోతాయి. వెబ్‌పేజీల్లో కదిలే బొమ్మలు, ఆటలు నడిపిన ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్‌కు 2020 డిసెంబరు 31తో మద్దతు ఆగిపోయాక ఎన్నో చక్కని పాత పాఠాలు తెరుచుకోకుండా పోయాయి. పోయిన మామూలు పేజీలు, పాత వెబ్‌పేజీల నకళ్లు దాచే వేబ్యాక్ మెషీన్ అనే సైటులో తరచూ దొరుకుతాయి. లింకు ఇచ్చేనాడే అక్కడ భద్రపరచి ఆ చిరునామా కూడా రాసిపెట్టుకోవాలి. ఫెట్‌వి బ్రౌజరులో తెరుచుకునే హెచ్‌టీఎంఎల్5 ఫైళ్లుగా దింపుకుంటే నెట్ లేకుండానే నడుస్తాయి. పాఠం ముందురోజు పరీక్ష టీచరు లాగిన్‌లో కాదు, పిల్లల లాగిన్‌లో, వాళ్ల కంప్యూటరు మీదే చేయాలి. టీచరుకు తెరుచుకున్న పేజీ అక్కడ బడి నెట్ ఫిల్టరులో ఆగిపోతుంది, లేదా పంచుకున్న ఫైలు అనుమతి అడుగుతుంది. ఆ అనుమతులు సరిచేసేలోపు పీరియడ్‌లో పావుగంట పోతుంది.

మూల్యాంకన పట్టికకు మూడు అంశాలు, నాలుగు స్థాయిలు చాలు. దాన్ని పని మొదలుపెట్టే రోజే ఇవ్వాలి. "బాగా రాశారు" అనే మాట పనికిరాదు. "తన వాదనకు రెండు పేజీల నుంచి ఆధారం చూపాడు" అన్నట్టుంటే పిల్లవాడు తన మార్కు తనే లెక్కేసుకోగలడు. ఇప్పుడు ఏఐ చాట్‌బాట్లు వాదన మొత్తం రాసిచ్చేస్తున్నాయి కనుక ఒక అంశం తప్పకుండా మౌఖికంగా ఉండాలి: జట్టులో ఎవరినైనా లేపి, పక్కవాడి పాత్ర తరఫున వాదించమనాలి.

ఒకటి నుంచి మూడు పీరియడ్లలో తేలే చిన్న వెబ్‌క్వెస్టుతోనే మొదలుపెట్టండి. మొదటిది తయారుచేయడానికి ఐదారు గంటలు పడుతుంది, అదే అచ్చులో రెండోదానికి అందులో సగం. ఎక్కాలు, స్పెల్లింగులు, రసాయన సమీకరణాలు తుల్యం చేయడం లాంటి సాధన పనులకు మాత్రం దీన్ని వాడొద్దు. అక్కడ వెంటనే తప్పొప్పులు చెప్పే అభ్యాసాలే మేలు.