‘ఫుల్ ఆర్మీ లాట్’ బేరం వస్తే ఆగండి: విజయవాడ, గుంటూరు మిత్రులకు హెచ్చరిక

విజయవాడ, గుంటూరు, తెనాలి వైపు మినియేచర్ బొమ్మలతో యుద్ధాల ఆట ఆడేవాళ్లకి, కొత్తగా మొదలుపెడదామనుకునేవాళ్లకి ఈ పోస్టు. ‘వార్‌హామర్ 40,000 ఫుల్ ఆర్మీ, 2000 పాయింట్లు, ఒరిజినల్ ప్లాస్టిక్, అర్జెంట్ సేల్’ అంటూ ఒకడు లాట్లు అమ్ముతున్నాడు. వార్‌హామర్ 40,000 ఈ ఆటల్లో ఒకటి, పాయింట్లంటే ఒక్కో దండు బలానికి ఆటలో కట్టే లెక్క. నాకు వచ్చిన లాట్‌లో సగానికి పైగా నకిలీ రెజిన్ పోతలే, అంటే అచ్చులో ద్రవం పోసి గట్టిపరిచిన నకళ్లే. గుంటూరు బ్రాడీపేటలో ఉండే మిత్రుడికీ ఇదే సరుకు అంటగట్టాడు, వేరే పేరున్న అకౌంట్ నుంచి. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు ఇక్కడ రాయడం లేదు. రాసినా లాభం లేదు, ఆ పేరు మారుతూనే ఉంది. పద్ధతి తెలిస్తే చాలు.

బేరం ఇలా మొదలవుతుంది. దూరం నుంచి తీసిన ఒకే ఒక్క ఫోటో పంపుతాడు. నేల మీద వరసలుగా పేర్చిన సైన్యం, ముందు వరసలో చక్కగా రంగులు వేసిన ఐదారు బొమ్మలు, వెనకంతా మసక. నూజివీడు మామిడి బుట్టలో పైవరస చూపించి బుట్ట మొత్తం అమ్మినట్టే. ‘కెనడాలో జాబ్ వచ్చింది బ్రో, ఇంట్లో పెట్టుకోడానికి స్థలం లేదు, అందుకే ఇచ్చేస్తున్నా’ అన్నాడు నాతో. బ్రాడీపేట మిత్రుడి దగ్గర కెనడా లేదు, పెళ్లి కుదిరిందట. ముందు ఒక్క స్క్వాడ్ (చిన్న దండు) ఇవ్వు, చూసి మిగతావి తీసుకుంటానంటే ఒప్పుకోడు. ‘సెట్ పాడవుతుంది, తీసుకుంటే మొత్తం తీసుకో’ అంటాడు. నా లెక్కలో అసలు కిటుకంతా ఈ మాటలోనే ఉంది. ఐదు బొమ్మలు కొంటే ఐదింటినీ తిప్పి తిప్పి చూస్తాం. పెద్ద అట్టపెట్టె నిండా వస్తే ఏది అసలో ఏది నకిలీయో తేల్చుకునేసరికి వాడు నంబర్ మార్చేస్తాడు.

ఇలాంటి బేరాలకి మన దగ్గర గిరాకీ ఎందుకుందో తెలిసిందే. ఈ బొమ్మలు చేసే గేమ్స్ వర్క్‌షాప్ ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ కంపెనీ. ఆటబొమ్మల మీద దిగుమతి సుంకాన్ని మన ప్రభుత్వం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023 బడ్జెట్‌లో 60 నుంచి 70కి పెంచింది. స్కేల్ మోడళ్లు, అంటే ఇలాంటి చిన్న నమూనా బొమ్మలు కూడా ఆ పద్దు కిందికే వస్తాయి. దాని పైన జీఎస్టీ, కొరియర్ ఖర్చు. బయట ఉన్న బావమరిది గిఫ్టు అని రాసి పంపినా తప్పదు, పోస్టులో వచ్చే గిఫ్టులకి ఉన్న మినహాయింపు రాఖీలకీ ప్రాణరక్షక మందులకీ తప్ప 2019 డిసెంబరులోనే పోయింది. అందుకే సెకండ్ హ్యాండ్ లాట్ అనగానే మనకి చెవులు నిక్కబొడుచుకుంటాయి. వాడికీ ఆ సంగతి తెలుసు.

ధర 38 వేలు చెప్పాడు. రీకాస్టులు (అచ్చు తీసి పోసిన నకళ్లు) లేవు, అంతా ఒరిజినల్ అని చాట్‌లో రాసిచ్చాడు. సగం అడ్వాన్సు అందాక కొత్త పాట ఎత్తుకున్నాడు. ‘కొన్ని బాక్సులు ముంబై కస్టమ్స్‌లో ఆగాయి బ్రో, ఇంకో ఎనిమిది వేలు వెయ్యాలి.’ ఇంట్లో స్థలం లేదని అమ్ముతున్న ఆర్మీ ముంబై కస్టమ్స్‌లో ఎందుకు కూర్చుందో మరి! నేను వేయలేదు. బ్రాడీపేట మిత్రుడి దగ్గర మాత్రం వసూలు చేశాడు. నిజంగా సుంకం పడితే దాన్ని కొరియర్ కంపెనీయో పోస్టాఫీసో కాగితం చూపించి తీసుకుంటుంది. ఎవరి సొంత యూపీఐ నంబరుకో పంపే డబ్బు కస్టమ్స్ డబ్బు కాదు.

ఇక పెట్టె సంగతి. మే నెలలో వచ్చింది. బెజవాడ ఎండల గురించి మనలో మనం చెప్పుకునే పని లేదు. కొరియర్ వ్యాన్‌లో ఉడికి వచ్చిన బొమ్మల్లో సగం కత్తులూ తుపాకులూ అరటి ఆకు చివరల్లా వాలిపోయి ఉన్నాయి. తొలి అనుమానం అక్కడే వచ్చింది. అసలు బొమ్మలు ఎక్కువగా పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌తో చేస్తారు, మన ఎండకి అది అలా వాలిపోదు. పలచగా పోసిన రెజిన్ వాలిపోతుంది. (వాలిన రెజిన్ ముక్కని వేడినీళ్లలో కాసేపు ముంచి, నిటారుగా చేసి చన్నీళ్లలో పెడితే నిలబడుతుంది. ఈ మాత్రం ఉపయోగం మీకూ ఉంటుందని చెబుతున్నా.) రెండోది, ఫోటోలోని ముందు వరస తప్ప అన్నిటికీ మందంగా నల్ల ఎనామెల్ కొట్టేశాడు. ప్రైమర్ (రంగుల కింద వేసే తొలి పూత) అన్నాడు. ఇంటి కిటికీలకి వేసే పెయింటు అది. కవచం మీది మేకులూ మడతలూ అన్నీ పూడిపోయాయి. పూడాలనే వేసి ఉంటాడు, కింద ఏముందో కనపడకుండా.

కొత్తవాళ్ల కోసం గుర్తుపట్టే పద్ధతులు చెబుతాను. బొమ్మ అడుగున, కంటికి కనపడని చోట, కట్టర్ బ్లేడుతో మెల్లగా గీకండి. ప్లాస్టిక్ అయితే పెన్సిల్ చెక్కినట్టు చుట్టలుగా లేస్తుంది. రెజిన్ అయితే పొడి రాలుతుంది. ప్లాస్టిక్ ముక్కని వంచితే వంగి, వంగిన చోట తెల్లబడుతుంది. రెజిన్ టక్కున విరుగుతుంది. ప్లాస్టిక్ సిమెంట్ అని అమ్మే జిగురు పాలీస్టైరీన్‌ని కరిగించి అతికిస్తుంది కాబట్టి రెజిన్ మీద పనిచేయదు, దానికి ఫెవిక్విక్ లాంటిదే కావాలి. నాకొచ్చిన వాటిలో విడిపోయిన ఒక చేతికి ప్లాస్టిక్ సిమెంట్ రాసి రాత్రంతా ఉంచినా పట్టలేదు. రీకాస్ట్ అంటే అసలు బొమ్మ చుట్టూ సిలికాన్ అచ్చు తీసి దొంగచాటుగా పోసిన నకలు. ముఖం మీద సూది మొనలంత గుంటలు, అచ్చు రెండు సగాలు సరిగ్గా కలవక పక్కకి జరిగిన గీత, పట్టుకుంటే జిడ్డు, ఇవి దాని లక్షణాలు. ఆ జిడ్డు అచ్చు నుంచి ఊడిరావడానికి పూసేది. సబ్బునీళ్లతో కడగకపోతే రంగు నిలవదు.

లాట్‌లో కొన్ని ఇంట్లో త్రీడీ ప్రింటర్ మీద తీసినవి కూడా ఉన్నాయి. సన్నటి పొరల గీతలు, సపోర్టులు (ప్రింట్ అయ్యేటప్పుడు ఆసరాగా ఉండే పుల్లలు) తెంపిన మచ్చలు, వేలికి అంటుకునే జిగట. ఈ జిగట విషయం తేలిగ్గా తీసుకోకండి. అల్ట్రావయొలెట్ వెలుతురులో పూర్తిగా గట్టిపడని రెజిన్ చర్మానికి తగిలితే దద్దుర్లు వస్తాయి. పిల్లలున్న ఇంట్లో అయితే పెట్టె తెరవగానే గ్లవుజులు వేసుకోండి. రెజిన్‌ని పొడిగా సాండ్‌పేపర్‌తో రుద్దకండి, తడిపి రుద్దండి, మాస్కు పెట్టుకోండి.

అడిగితే వాడి జవాబు: ‘ఆడుకోడానికి ఏదైతే ఏంటి బ్రో?’ ఆ మాటకొస్తే నిజమే. మన ఇంట్లో, మన బల్ల మీద, సీసా మూతల్ని సైనికులనుకుని ఆడినా అడిగేవాడు లేడు. డిజైనర్ దగ్గర ఫైలు కొనుక్కుని శుభ్రంగా ప్రింట్ చేసిన బొమ్మల మీద నాకూ గౌరవం ఉంది. కానీ ఒరిజినల్ అని రాసిచ్చి, ఆ ధర తీసుకుని నకలు పంపడం మోసం. పైగా కంపెనీ సొంతంగా నడిపే పోటీల్లో వాళ్ల బొమ్మలే ఉండాలి. తిరిగి అమ్ముకుందామంటే మనమూ వాడిలాగే అబద్ధం ఆడాలి.

‘2000 పాయింట్లు’ అన్నదాంట్లో ఇంకో తిరకాసు ఉంది. పాయింట్లు రాతిమీద చెక్కినవి కావు. కంపెనీ వాటిని తరచూ మారుస్తుంది, ఆట నియమాల ఎడిషన్ మారితే మొత్తం మారిపోతాయి. 2023లో పదో ఎడిషన్ వచ్చినప్పుడు అంతకుముందు కొన్న, ఒక్కో సైన్యం నియమాలు ఉండే పుస్తకాలన్నీ అటకెక్కాయి. వీడు లెక్కేసింది పాత ఎడిషన్ పుస్తకం పట్టుకుని. ఆ పాత పుస్తకాన్నే ‘ఫ్రీ గిఫ్ట్’ అని పెట్టెలో పెట్టాడు కూడా! పాయింట్ల అంకె చెప్పి ధర పెంచేవాడిని, ఏ ఎడిషన్ లెక్క, ఏ యూనిట్లు, ఒక్కో యూనిట్‌లో ఎన్ని బొమ్మలు అని అడగండి. నసిగితే అక్కడితో ఆపేయండి.

ఇంతకీ మన ఊళ్లలో ఎంతమందికి 2000 పాయింట్ల ఆర్మీ అవసరం? ఆ ఆటకి 60 అంగుళాల పొడవు, 44 అంగుళాల వెడల్పు బల్ల కావాలి. పటమటలోనో లక్ష్మీపురంలోనో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో అంత బల్ల వేస్తే భోజనాలు బాల్కనీలోనే. అదే లోకంలోని కిల్ టీమ్ ఆటకి 30 అంగుళాలు, 22 అంగుళాల బోర్డు చాలు. ఒక్క బాక్సు కొంటే జట్టు తయారు, సాయంత్రం కాఫీ తర్వాత మొదలుపెట్టి రాత్రి భోజనానికి లేవచ్చు. వన్ పేజ్ రూల్స్ అనే వాళ్ల ఆట నియమాలు ఉచితంగా దొరుకుతాయి, ఏ కంపెనీ బొమ్మలైనా పెట్టుకోవచ్చు. చరిత్ర ఇష్టమైతే 1/72 స్కేల్ బొమ్మలున్నాయి, మనిషి అంగుళం ఎత్తు, ఒక్క పెట్టెలోనే ఓ పటాలం వస్తుంది. మా బ్రాడీపేట మిత్రుడు మధ్యయుగపు కాలిబంట్ల బొమ్మలకి ఎంసీల్‌తో తలపాగాలు అద్ది కారంపూడి యుద్ధానికి సిద్ధం చేస్తున్నాడు. బాలచంద్రుడికి ఇంకా మీసం కుదరలేదట.

చిన్నగా ఉంటే రంగులు పూర్తవుతాయి, నా దృష్టిలో ఇది అన్నిటికంటే ముఖ్యం. ఎండాకాలంలో ఇక్కడ యాక్రిలిక్ రంగు బ్రష్ మీదే ఎండిపోతుంది, పొద్దున్నే గంట కూర్చోగలిగితే గొప్ప. తడి స్పాంజి మీద బటర్ పేపర్ పరిచి దాని మీద రంగు కలుపుకుంటే కొంచెం ఆగుతుంది. వానాకాలంలో స్ప్రే ప్రైమర్ తేమకి తెల్లగా పొడి పట్టి పాడవుతుంది. అంటే ఏడాదిలో హాయిగా పని జరిగేది కొన్ని నెలలే. కొండపల్లి పక్కనే ఉన్నాం, ఒక్క బొమ్మకి రంగు వేయడానికి చేతి ఓపిక ఎంత కావాలో మనకి వేరే చెప్పాలా. ఆ కొన్ని నెలల్లో పది బొమ్మలు పూర్తి చేసినవాడి దగ్గర ఆట ఉంటుంది. వంద కొన్నవాడి దగ్గర అట్టపెట్టె ఉంటుంది. సింగ్‌నగర్ మిత్రుడికి 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఇది బాగా తెలిసింది. రంగులేసిన జట్టున్న టిఫిన్ డబ్బాని పైఅంతస్తుకి పట్టుకెళ్లగలిగాడు, విప్పని బాక్సుల బీరువాని వదిలేయాల్సి వచ్చింది.

సెకండ్ హ్యాండ్ అసలు కొనొద్దని కాదు. నిజాయితీగా అమ్మేవాళ్లు ఉన్నారు, నేను కొన్నాను కూడా. వీలైతే స్ప్రూ మీదే ఉన్నవి అడగండి, అంటే ఫ్రేము నుంచి ముక్కలు తెంపనివి. ఫ్రేము మీద కంపెనీ పేరు, సంవత్సరం అచ్చులోనే పోసి ఉంటాయి, దాని దగ్గరి ఫోటో తెప్పించుకోండి. కట్టేసిన బొమ్మలైతే ముందు ఒక్క స్క్వాడ్ కొనండి, ఇవ్వనంటే బేరం వద్దు. ఫలానా బొమ్మ పక్కన ఇవాళ్టి పేపర్ పెట్టి వీడియో తీయమనండి. మీరు పార్శిల్ విప్పేటప్పుడు లేబుల్ కనపడేలా, మధ్యలో ఆపకుండా వీడియో తీయండి. నా ఫిర్యాదుకి ఇప్పుడు ఆధారం ఆ వీడియో, ‘ఒరిజినల్’ అని వాడు రాసిన చాటే.

డబ్బు పంపాక మనిషి మాయమైతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చెబితే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. సరుకు వచ్చి అది నకిలీ అయితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఇంట్లో పాత సామాను ఒకసారి అమ్ముకున్న మనిషి మీద వినియోగదారుల చట్టం అంత తేలిగ్గా నడవదు, కానీ వరసపెట్టి లాట్లు అమ్మేవాడు వ్యాపారే. 2019 చట్టం వచ్చాక అమ్మినవాడు ఎక్కడున్నా మనం ఉండే జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. ఐదు లక్షల లోపు విలువకి ఫీజు లేదు, రెండేళ్ల గడువు ఉంది. అందుకే వాడి అకౌంట్లన్నిటి స్క్రీన్‌షాట్లు పోగుచేస్తున్నాం. మీ దగ్గర ఉంటే మాకూ పంపండి, వీడిది ఒక్కసారి అమ్మకం కాదని చూపించడానికి పనికొస్తాయి.

ఫోటో గుర్తులు: ఆకుపచ్చ మొజాయిక్ నేల, ఎడమ మూలన నీలం ప్లాస్టిక్ స్టూలు కాలు, ముందు వరసలో కెప్టెన్ బొమ్మ కుడిచేతిలో సగానికి విరిగిన కత్తి. అదే ఫోటోని అద్దంలోలా తిప్పి కూడా పంపుతున్నాడు, అప్పుడు కత్తి ఎడమచేతిలో ఉంటుంది. ధర ఇప్పుడు 29 వేలకి దించాడు.