బెంగళూరులో క్యాంబర్ పెట్టిన సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నారా? మొదట టైరు లోపలి అంచు తడిమి చూడండి

మోడిఫై చేసిన పాత కారు కోసం బెంగళూరులో వెతుకుతున్న మనవాళ్లందరికీ ఇది చేరాలి. చక్రాల పైభాగం లోపలికి వాలి ఉన్న బండి (ఈ వాలునే నెగటివ్ క్యాంబర్ అంటారు) ఎంత అందంగా కనబడినా సరే, టైరు లోపలి అంచును చేత్తో తడిమి చూసేదాకా అడ్వాన్స్ మాట ఎత్తకండి.

మా తమ్ముడు మారతహళ్లిలో ఉంటాడు. వానలకు కాస్త ముందు ఒక సెకండ్ హ్యాండ్ డీలర్ దగ్గర హ్యాచ్‌బ్యాక్ తీసుకున్నాడు. బాగా కిందికి దించిన బండి, వెడల్పాటి అలాయ్ వీల్స్. డీలరూ మన చిత్తూరు వైపు మనిషే కాబట్టి మాటలు కలిశాయి. "నెగటివ్ క్యాంబర్ అన్నా ఇది, రేసు కార్లకు ఇట్లనే పెడతారు, మలుపుల్లో రోడ్డును పట్టుకుని పోతుంది" అన్నాడు. చక్రాల కోణాలు కొలిచిన అలైన్‌మెంట్ రిపోర్టు అడిగితే, మొన్ననే చేయించాం, కాగితం వాట్సాప్‌లో పంపిస్తానన్నాడు. అది ఇప్పటికీ రాలేదు.

వాన పడుతున్న ఒక సాయంత్రం ఔటర్ రింగ్ రోడ్డు మీద ముందున్న బస్సు ఆగింది. తమ్ముడు బ్రేకు తొక్కాడు. బ్రేకు కొడితే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ కాలి కింద గడగడలాడుతూనే ఉంది, బండి మాత్రం జారుతూ పోయింది. బస్సును తాకడానికి కొద్దిగా ముందు ఆగింది. వెనక సీట్లో మరదలు, పాప ఉన్నారు. ఆ మాట చెబుతున్నప్పుడు ఫోన్‌లో వాడి గొంతు వణికింది, అందుకే ఇంత కోపంగా రాస్తున్నాను.

మర్నాడు అలైన్‌మెంట్ షాపులో చూపిస్తే ముందు చక్రాలు మైనస్ 4 డిగ్రీలు, వెనకవి మైనస్ 6 దాటి ఉన్నాయి. టైర్ల బయటి వైపు గాళ్లు కొత్తవాటిలా ఉన్నాయి. లోపలి అంచున మాత్రం రబ్బరు పూర్తిగా పోయి, దారాలు బయటపడ్డాయి. చట్టప్రకారం కారు టైరుకు కనీసం 1.6 మిల్లీమీటర్ల లోతు గాడి ఉండాలి. బండి పక్కన నిలబడి చూస్తే ఇదేమీ తెలియదు, అరిగిన వైపంతా బండి కిందే ఉంటుంది కదా.

డీలర్ చెప్పిందాంట్లో సగం నిజం ఉంది, మనవాళ్లు పడిపోయేది దానికే. మలుపులో బండి బయటికి ఒరుగుతుంది, ఆ వైపు టైరు కూడా వాలుతుంది. ముందే కొంచెం లోపలికి వంచి పెడితే, ఆ ఒరుగులో టైరు నేలకు సమంగా ఆనుతుంది. అందుకే చాలా కార్లకు కంపెనీవాళ్లే అర డిగ్రీ నుంచి ఒకటిన్నర వరకు ఇచ్చి పంపుతారు. ట్రాక్ మీద మూడు, నాలుగు డిగ్రీలు పెట్టేవాళ్లున్నారు. కానీ వాళ్లు టైరు లోపల, నడుమ, బయట వేడి కొలిచి, దాన్నిబట్టి కోణం మారుస్తారు, టైర్లూ త్వరత్వరగా మారుస్తారు. మనం ఎక్కువగా నడిపేది తిన్నగా, బ్రేకు కొట్టేదీ తిన్నగా పోతున్నప్పుడే. మామూలుగానే ఒక్కో టైరు నేలను తాకేది మన అరచేయంత చోటు. చక్రాన్ని ఆరేడు డిగ్రీలు వంచితే బరువంతా లోపలి అంచు మీదే పడుతుంది. తడి రోడ్డు మీద ఆగే దూరం పెరుగుతుంది. రోడ్డు గీతలు, గాళ్లు ఎటు పోతే స్టీరింగ్ అటు లాగుతుంది. క్యాంబర్ మారిస్తే చాలా కార్లలో ముందు చక్రాల టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) కూడా మారిపోతుంది. అది సరిచేయకుండా వదిలేస్తే టైరు ఇంకా వేగంగా అరిగిపోతుంది.

అసలు భయపెట్టింది మాత్రం ఆ పని చేసిన తీరు. ముందు చక్రాల స్ట్రట్ (చక్రాన్ని పట్టి ఉంచే సస్పెన్షన్ భాగం) బోల్టు రంధ్రాన్ని గ్రైండర్‌తో సాగదీసి చక్రాన్ని వంచారు. అప్పుడు ఆ కోణాన్ని ఆపేది బోల్టు బిగుతు ఒక్కటే, మన గుంతల్లో ఒక గట్టి దెబ్బ తగిలితే అది జరిగిపోవచ్చు. ఈ బండికి వెనక టార్షన్ బీమ్ (రెండు వెనక చక్రాలను కలిపే దూలం) ఉంది, అందులో క్యాంబర్ సర్దుకునే ఏర్పాటే ఉండదు. అక్కడ మందపాటి షిమ్‌లు (సందులో పెట్టే లోహపు బిళ్లలు) ఒకదాని మీద ఒకటి పెట్టి, బోల్టులు మాత్రం పాత పొడవువే వేశారు. అవి పట్టాల్సినన్ని మరలు పట్టలేదు. విప్పి చూపించిన మెకానిక్, "హైవే మీద చక్రం ఊడేది సార్" అన్నాడు. ఈ బండిలోనే తమ్ముడు వాళ్లు కోలారు, పలమనేరు మీదుగా ఊరికి వెళ్లి వస్తున్నారు.

స్ట్రట్‌లు, స్ప్రింగులు, టైర్లు, ఒక వీల్ బేరింగ్ మార్చాక బండి దారికొచ్చింది. బేరంలో తగ్గించినదానికంటే ఎక్కువే అయింది. డీలర్ ఒక్క రూపాయి ఇవ్వలేదు, మోడిఫైడ్ బండికి గ్యారంటీ లేదని ఫోన్ పెట్టేశాడు.

కాగితాల సంగతీ చూసుకోండి. నిబంధనలు ఒప్పుకోని మార్పులు చేసిన యజమానికి 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. మార్పులు చెప్పకుండా ఇన్సూరెన్స్ తీసుకుంటే క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది.

బండి నచ్చితే డీలర్ చెప్పిన షాపుకు కాదు, మీకు తెలిసిన షాపుకు తీసుకెళ్లండి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి, టైరు లోపలి అంచు మీద చెయ్యి పెట్టండి, దారాలు బయటపడి ఉంటే గుచ్చుకుంటాయి, జాగ్రత్త. లిఫ్ట్ మీద ఎక్కించి స్ట్రట్ బోల్టులు, వెనక షిమ్‌లు చూపించమనండి. నాలుగు చక్రాల క్యాంబర్, టో అంకెలున్న ప్రింటు చేతికి తీసుకుని, ఆ మోడల్‌కు కంపెనీ ఇచ్చిన అంకెలతో పోల్చండి. షాపుకు తేవడానికి డీలర్ ఒప్పుకోకపోతే అక్కడి నుంచి వచ్చేయండి.