మైనపు షీట్లకు తీగ వేసే కిట్: కరెంటు పెట్టె కన్నా బల్లే ముఖ్యం

24 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్, రెండు మొనలున్న పిడి, పళ్ల చక్రం, అరకిలో స్టెయిన్‌లెస్ తీగ చుట్ట. తేనెపెట్టెల ఫ్రేములకు, ఈగలు గదులు కట్టుకోవడానికి ఆధారంగా ఇచ్చే మైనపు షీట్లు బిగించడానికి అమ్మే కిట్లలో మామూలుగా ఉండేవి ఇవే. ఇటాలియన్ ఈగలు పెంచే పెద్ద లాంగ్‌స్ట్రాత్ పెట్టెలకు ఇవి బాగానే పనిచేస్తాయి. ఫ్రేముకి కట్టిన తీగ కరెంటుకి వేడెక్కి మూడు సెకన్లలో షీటులోకి దిగిపోతుంది. అయితే వందల ఫ్రేములు సిద్ధం చేసేచోట ఎక్కువ టైం తినేది ఈ అతికింపు కాదు, దానికి ముందు తీగ ఎక్కించి బిగించడం. ఆ పనికి కిట్‌లో ఏమీ ఇవ్వరు. అందుకు కావాల్సిన బల్ల మనమే చేసుకోవాలి, అదీ కిట్ కొనకముందే.

19 మి.మీ. ప్లైవుడ్ ముక్క, 60 × 40 సెం.మీ. ఉంటే చాలు. ఫ్రేమును పడుకోబెట్టినప్పుడు కదలకుండా చుట్టూ చెక్క దిమ్మలు కొట్టాలి. ఒక పక్కబద్ద దగ్గర మాత్రం దిమ్మకు బదులు గుండ్రటి చెక్కబిళ్లకి నడిమధ్యన కాకుండా కాస్త పక్కకి బోల్టు వేసి, పిడి తగిలించాలి. పిడి తిప్పితే బద్ద 2–3 మి.మీ. లోపలికి వంగుతుంది. తీగ కట్టేశాక పిడి వదిలితే బద్ద వెనక్కి వస్తూ తీగ నాలుగు వరుసలనూ ఒక్కసారే బిగలాగుతుంది. ఎదుటి దిమ్మ కూడా బద్ద నడిమికే ఆనాలి. మూలల్లో కొడితే అటువైపు బద్ద వంగదు, బిగువు సగమే వస్తుంది.

తీగ చుట్టను నిలువు బోల్టుకి ఎక్కించి, పైన స్ప్రింగు, చెవుల నట్టు వేయాలి. ఈ చిన్న బ్రేకు లేకపోతే స్టెయిన్‌లెస్ తీగ చుట్ట విడిపోయి మెలికలు పడుతుంది. మెలిక పడ్డచోటే తర్వాత తెగుతుంది. ముందు తీగను పక్కబద్దల్లోని ఎనిమిది రంధ్రాల్లోంచీ వదులుగా దూర్చి, కొసను చిన్న మేకుకి చుట్టి మేకు దిగ్గొట్టాలి. ఆ చివర నుంచి చుట్ట వైపు ఒక్కో వరుసా లాగుతూ రావాలి. రెండో మేకుకి చుట్టి కొట్టాక, మిగిలిన తీగను అటూ ఇటూ ఆడిస్తే అదే తెగిపోతుంది. పిడి వదిలి వేలితో మీటితే ‘టింగ్’మనాలి. మొద్దు శబ్దం వస్తే మళ్లీ లాగాల్సిందే. పక్కబద్దలు మెత్తటి చెక్కవైతే రంధ్రాలకు ఇత్తడి ఐలెట్లు (అంచు కాపాడే చిన్న గొట్టాలు) తప్పనిసరి. లేకుంటే తీగ చెక్కను కోసుకుంటూ పోయి వారంలో వదులైపోతుంది.

ఇక కరెంటు సంగతి. 0.4 మి.మీ. స్టెయిన్‌లెస్ తీగ మీటరుకి సుమారు 5.7 ఓములు. నాలుగు వరుసల ఫ్రేముకి పట్టేది 1.9 మీటర్లు, అంటే దాదాపు 11 ఓములు. 12 వోల్టులు ఇస్తే 13 వాట్లే, మైనం కదలదు. 24 ఇస్తే 2.2 ఆంపియర్లు, 52 వాట్లు. సరిగ్గా సరిపోతుంది. చౌకగా దొరికే తగరం పూత ఇనప తీగ నిరోధం ఇందులో నాలుగో వంతు కూడా ఉండదు. దానికి 12 వోల్టుల బ్యాటరీయే చాలు. అదే తీగకి 24 పెడితే షీటు ముక్కలుగా తెగి కింద పడుతుంది. నాటు ఈగల న్యూటన్ పెట్టె ఫ్రేము 8¼ × 5¾ అంగుళాలే. రెండు వరుసల స్టెయిన్‌లెస్ తీగకి అరమీటరు సరిపోతుంది, దానికి 6 వోల్టులు మించకూడదు. చాలా కిట్లలో వోల్టులు మార్చే వీలే లేదు. పెద్ద లోపం ఇదే.

షీటు కింద పెట్టే దిమ్మ 420 × 195 మి.మీ., మందం 16. పైన తడిగుడ్డ పరిస్తే మైనం అంటుకోదు. దిమ్మ మీద షీటు, షీటు మీద తీగలు ఆనేలా ఫ్రేము. పిడి మొనలు తీగ చుట్టిన రెండు మేకులకీ తాకించి 2–3 సెకన్లు ఉంచి, కరెంటు తీశాక ఇంకో రెండు సెకన్లు ఫ్రేమును అదిమే ఉంచాలి. ఈలోగా మైనం తీగ చుట్టూ గట్టిపడుతుంది. కాలితో నొక్కే స్విచ్ ఉంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. దానికి టైమర్ రిలే కలిపితే సెకన్లు లెక్కపెట్టే పనీ తప్పుతుంది.

ఒక వరుస మాత్రం పైకి తేలిందంటే అక్కడ తీగ వదులుగా ఉందన్నమాట, లేదా దిమ్మ వంపు తిరిగింది. వేడికి తీగ సాగుతుంది కాబట్టి వదులు తీగ పాములా మెలికలు తిరుగుతుంది. అలాంటి ఫ్రేము ఎండలో లారీ ఎక్కితే పట్టు జారి పైగదులు సాగుతాయి, వాటిల్లో రాణి మగ గుడ్లు పెడుతుంది. టైం సరిగ్గా ఉన్నా షీటు తెగుతుంటే మైనాన్ని అనుమానించాలి. అసలు తేనెమైనం 62–64 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అంతకన్నా తక్కువ వేడికి కరిగే పారఫిన్ కలిపితే అదే కరెంటుకి తెగిపోతుంది. చలికాలం పొద్దున షీటు పెళుసుగా విరుగుతుంది, ఎండ ఎక్కాక పని మొదలుపెట్టాలి. వేసవిలో దీనికి తలకిందులు, పొద్దున్నే ముగించాలి.

కిట్‌లోని పళ్ల చక్రం ఆ తేలిన వరుసను సరిచేయడానికి పనికొస్తుంది. వేడినీళ్లలో ముంచి ఒక్కసారి నడిపితే చాలు.

ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు మిగులుతుందని 230 వోల్టుల లైనుకి బల్బు వరుసలో కలిపి తీగ కాల్చేవాళ్లున్నారు. ఆ పని ఎట్టి పరిస్థితిలోనూ చేయొద్దు. ఫ్రేము తీగ మొత్తం లైను కరెంటుతో ఉంటుంది, చేతి కింద తడిగుడ్డ ఉంటుంది.