ఓడినవాళ్ళ హైదరాబాద్ చూద్దామని వెళ్తే

ఆ లాడ్జిలో ఏసీ రిమోటు గదిలో ఉండదు, కౌంటర్లో ఉంటుంది. మూడొందలు కడితే ప్లాస్టిక్ కవర్లో చుట్టి, పైన రబ్బరు బ్యాండు వేసి చేతికిస్తారు. పొద్దున్నే తిరిగి ఇచ్చేయాలి. మర్నాడు కావాలంటే మళ్ళీ మూడొందలు. యాప్‌లో మాత్రం "ముగ్గురికి ఏసీ గది, రోజుకు 1,850" అనే ఉంది. ఆ స్క్రీన్ చూపిస్తే కౌంటర్లో మనిషి ఫోన్ వంకైనా చూడలేదు. "అది గది రేటండీ, ఏసీ రేటు కాదు" అన్నాడు. మూడో మనిషికి రోజుకు 500, డిపాజిట్ వెయ్యి. గది మూడో అంతస్తులో. లిఫ్టు తలుపుకి అట్టముక్క మీద "రిపేరు" అని రాసి దారంతో కట్టారు. ఆ అట్ట అంచులు నల్లబడి ఉన్నాయి, అంటే ఆ రిపేరు ఇప్పటిది కాదు.

మామయ్యగారికి డెబ్భై నాలుగు, రెండు మోకాళ్ళూ నొప్పే. రెండో అంతస్తు మలుపులో కాసేపు మెట్టు మీద కూర్చున్నారు. మా ఆవిడ నావైపు చూసిన చూపు గురించి ఇక్కడ రాయను. ఏలూరులో రాత్రి రైలెక్కి తెల్లవారి నాంపల్లిలో దిగాం కదా, స్టేషన్‌కి దగ్గరని ఈ లాడ్జి బుక్ చేసింది నేనే.

"వీడేదో పెద్ద తురుంఖాన్‌లా మాట్లాడుతున్నాడు" అన్నాను గదిలోకి వచ్చాక. మామయ్యగారు మంచం మీద కాళ్ళు చాపుకుంటూ, "ఆ పేరు వాడికివ్వకండి అల్లుడుగారూ. మనం చూడ్డానికి వచ్చిన వాళ్ళలో ఆయనా ఒకడు" అన్నారు.

అసలీ ప్రయాణమే ఆయన కోసం. హిస్టరీ లెక్చరర్‌గా రిటైరయ్యారు. చార్మినార్, ఫలక్‌నుమా అన్నీ ఆయనకి కొట్టినపిండే. ఈసారి ఓడిపోయిన సేనాపతులు నిలబడ్డ చోట్లు, పడిపోయిన చోట్లు చూపించమన్నారు. మా ఆవిడకి ముత్యాల దండ కొనిస్తానని విడిగా ఒప్పందం.

మొదటిరోజు గోల్కొండ. నాంపల్లి నుంచి ఆటో 320. ఫతే దర్వాజా కిందనుంచే ఆటో పోతుంది, అక్కడ ఆపమనండి. 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడించినా కోట పడలేదు. చివరికి లోపలివాడే, అబ్దుల్లా ఖాన్ పనీ అనే సర్దారు, రాత్రిపూట తలుపు తీయించాడు. ఫతే అంటే గెలుపు. లంచంతో తెరిపించుకున్న తలుపుకి ఆ పేరేమిటని మామయ్యగారి గొణుగుడు.

కోట టికెట్టు మనిషికి 25, దానికి వంక పెట్టడానికేం లేదు. వంకంతా గైడ్‌కే. 1,200 అడిగాడు, 800కి దిగాడు. కింద కొడితే కొండపైన వినిపిస్తాయంటూ చప్పట్లు కొట్టించాడు, రామదాసు బందిఖానా వైపు చెయ్యి చూపించాడు, చార్మినార్ దాకా సొరంగం ఉందన్నాడు, కోహినూర్ అన్నాడు. మామయ్యగారు "నగీనా బాగ్ ఎక్కడ బాబూ?" అని మూడుసార్లు అడిగితే, "అక్కడేం లేదు సార్, ఫోటో పాయింట్ పైనుంది" అన్నాడు. ముప్ఫై అయిదు నిమిషాల్లో, మెట్లు మొదలయ్యే చోట చేతులు దులుపుకున్నాడు. ఎనిమిది వందలు పెట్టి ఆ చప్పట్లు కొట్టించుకోకండి. అక్కడ ప్రతి గుంపూ కొడుతూనే ఉంటుంది, పక్కన నిలబడితే ఉచితంగా వినిపిస్తుంది.

బాలా హిస్సార్, అంటే లోపలి కోట, గుమ్మం దాటాక కొద్ది దూరంలోనే ఉంది ఆ నగీనా బాగ్ తోట. గైడ్ మమ్మల్ని దాని పక్కనుంచే తీసుకెళ్ళాడు! మామయ్యగారు మెట్లెక్కలేరు కాబట్టి అక్కడే కూర్చోబెట్టి, మేమిద్దరం పైకెళ్ళాం. పైన గాలి బాగుంది, నీళ్ళ సీసా ఎక్కువ రేటు, అంతే. దిగివచ్చేసరికి ఆయన చుట్టూ ఏడెనిమిది మంది కాలేజీ కుర్రాళ్ళు. అబ్దుల్ రజాక్ లారీ కథ నడుస్తోంది.

లారీ, గోల్కొండ ఆఖరి సుల్తాను తానీషాకి సేనాని. కోట దక్కదని తెలుస్తున్నా, ఔరంగజేబు ఆశ చూపిస్తూ పంపిన ఫర్మానాని తన బురుజు మీద సైనికులందరికీ చూపించి ముక్కలుగా చింపేశాడు. శత్రువులు లోపలికొచ్చిన రాత్రి జీను కట్టే తీరిక కూడా లేక, ఉత్త గుర్రం మీదే కత్తి పట్టుకుని ఎదురెళ్ళాడు. ఒంటినిండా గాయాలు. గుర్రమే ఆయన్ని మోసుకుంటూ ఈ తోటలోకి వస్తే, ఒక కొబ్బరిచెట్టు కింద పడిపోయాడు. దాదాపు డెబ్భై గాయాలు లెక్కపెట్టారంటారు. ఔరంగజేబే వైద్యుల్ని పంపి బతికించాడు. కొలువిస్తానంటే లారీ ముందు ఒప్పుకోలేదు. "ఆ కొబ్బరిచెట్టు ఏది తాతా?" అని ఒక కుర్రాడు అడిగాడు. "మూడు వందల ఏళ్ళు దాటింది నాయనా, కొబ్బరిచెట్టు అన్నాళ్ళుంటుందా?" అన్నారు. వాళ్ళంతా నవ్వారు. ఆ పిల్లలు ఎనిమిది వందలు ఇవ్వక్కర్లేకుండా మాకు దొరికినవాడి కన్నా మంచి గైడ్‌ని పట్టారు.

మర్నాడు ఆదివారం. వేడినీళ్ళు ఆరు నుంచి ఎనిమిది దాకా అన్నారు, ఏడుంబావుకే చల్లబడ్డాయి. ఆ చిరాకుతోనే చార్మినార్‌కి బస్సెక్కాం. ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ అనుకుని మా ఆవిడ కార్డు తీస్తే, తెలంగాణ ఆధార్ ఉంటేనేనని కండక్టర్ మర్యాదగానే చెప్పింది. ముత్యాల బేరం అరగంటలో 2,600కి తేలింది, అందరికీ కాస్త ఊపిరాడింది.

అక్కడినుంచి తలాబ్‌కట్టకి ఆటో 100. ఆటో అబ్బాయి "అక్కడ చూసేదేముంది సార్?" అన్నాడు. మీర్ జుమ్లా తలాబ్ చూడాలని చెప్తే, ఆ తలాబ్ ఎప్పుడో పోయిందన్నాడు. నిజమే, చెరువు లేదు. ఇళ్ళు, వెల్డింగు షాపులు, వైర్లు. పేరులో మాత్రం తలాబూ ఉంది, కట్టా ఉంది, ఉర్దూ సగం తెలుగు సగం. మామయ్యగారు ఆ బోర్డు కింద నిలబడి ఫోటో తీయించుకున్నారు.

ఇక్కడి కథ అన్నదమ్ములది. ఔరంగజేబు పోయాక కొడుకులు సింహాసనం కోసం కొట్టుకున్నారు. చిన్నవాడు కాంబక్ష్ బీజాపూర్, హైదరాబాద్ పట్టుకుని పాదుషానని ప్రకటించుకున్నాడు. అతనికి గట్టి సేనాని ఒకడుండేవాడు, అహ్సన్ ఖాన్. గిట్టని మంత్రి చాడీలు చెప్తే, కాంబక్ష్ ఆ సేనానినే ఖైదు చేసి చిత్రహింసలు పెట్టి చంపించాడు. ముందే హెచ్చరించిన స్నేహితుల మాట అహ్సన్ ఖాన్ నమ్మలేదు. రుస్తం దిల్ ఖాన్ అనే ఇంకో సర్దారుని కాంబక్ష్ ఏనుగు కాళ్ళ కింద వేయించాడు. ఇక మిగిలిన సైన్యం ఉంటుందా? జారిపోయింది. 1708 డిసెంబరులో యుద్ధానికని కాంబక్ష్ ఈ చెరువు వైపే బయల్దేరాడు. 1709 జనవరి 13న అన్న బహదూర్ షా సైన్యం చేతిలో గాయపడి దొరికిపోయి, వెంటనే కన్నుమూశాడు. తండ్రి గోల్కొండని గెలిచి అప్పటికి ఇరవై రెండేళ్ళు కూడా నిండలేదు.

"శత్రువు చేతిలో ఓడినవాడి కన్నా, తన యజమాని చేతిలోనే పోయిన అహ్సన్ ఖాన్‌ది పెద్ద ఓటమి" అన్నారు మామయ్యగారు. మా ఆవిడ "ఆకలేస్తోంది నాన్నా" అంది.

ఆ ఆకలే ఈ ప్రయాణం మొత్తానికి మంచి ముక్క తెచ్చింది. సందు మొదట్లో బోర్డు కూడా సరిగా లేని చిన్న హోటల్. ఖిచ్డీ, ఖట్టా ప్లేటు 60. మాంసం వద్దంటే ఖీమా వెయ్యకుండా ఇచ్చాడు, మొహం చిట్లించలేదు. ఎర్ర కందిపప్పుతో పసుప్పచ్చగా పొడిపొడిలాడే ఖిచ్డీ, పక్కన స్టీలు గిన్నెలో నువ్వులు, చింతపండు కలిపిన చల్లటి ఖట్టా, పైన పచ్చిమిర్చి, కొత్తిమీర. ఒక అప్పడం. మామయ్యగారు ఖట్టా ఒక చెంచాడు నోట్లో వేసుకుని ఆగిపోయారు. "ఇది మన నువ్వుల పచ్చిపులుసేనమ్మా!" అన్నారు. రెండోసారి వడ్డించినదానికి డబ్బులు తీసుకోలేదు ఆ పెద్దాయన. ఎంత నువ్వులకి ఎంత చింతపండో మా ఆవిడ ఫోన్లో రాసుకుంది. అప్పటిదాకా ముభావంగా ఉన్న మనిషి, తిరుగు ప్రయాణమంతా మాట్లాడుతూనే ఉంది. ఖిచ్డీ పొద్దుటిపూట తిండి, పదకొండు దాటితే దొరక్కపోవచ్చు.

సాలార్‌జంగ్ మ్యూజియం బాగుంది. శుక్రవారం సెలవు, గుర్తుంచుకోండి.

సాయంత్రం కోఠీ. నిజాం కొలువులో బ్రిటిష్ ప్రతినిధి ఉండిన పాత రెసిడెన్సీ, తర్వాత ఉమెన్స్ కాలేజీ, ఇప్పుడు యూనివర్సిటీ. ఆదివారం కాబట్టి గేటు బయటినుంచే చూశాం. 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ రొహిల్లా పఠాన్లతో వచ్చి దీని మీద పడ్డారు. పుత్లీబౌలి వైపు ఇళ్ళలో చేరి రాత్రంతా కాల్పులు జరిపారు, తెల్లారేసరికి ఫిరంగుల ముందు నిలవలేకపోయారు. నిజాం దివాను, అంటే ప్రధానమంత్రి, మొదటి సాలార్‌జంగ్ బ్రిటిష్ వాళ్ళ పక్షం. పొద్దున మేం మెచ్చుకుంటూ తిరిగిన మ్యూజియంలో వస్తువులు ఎక్కువగా ఆయన మనవడు పోగుచేసినవే. తుర్రెబాజ్ ఖాన్ దొరికాడు, కాలాపానీ శిక్ష పడింది. 1859 జనవరిలో జైల్లోంచి తప్పించుకున్నాడు. తల మీద అయిదు వేల వెల కట్టారు. తూప్రాన్ దగ్గర చంపి, శవాన్ని తెచ్చి ఊళ్ళో వేలాడదీశారు. అల్లావుద్దీన్ అండమాన్లోనే పోయాడు. తురుంఖాన్ అనే మాట ఈయన పేరునుంచే వచ్చిందని హైదరాబాద్‌లో చాలామంది అంటారు. కోఠీలో ఆయన పేరు మీద రోడ్డుంది. ఆ రోడ్డెక్కడని నలుగురిని అడిగాం, ముగ్గురికి తెలియదు. నాలుగో ఆయన తోపుడుబండి మీద జామకాయలు అమ్ముతున్నాడు. "మీరు నిలబడ్డదే సార్" అన్నాడు. కిలో జామకాయలు 80, తీయగా ఉన్నాయి.

లాడ్జి ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్ వెయ్యిలో ఆరు వందలే చేతిలో పెట్టాడు. తువ్వాలు మీద మరకట, నాలుగు వందలు పట్టుకున్నాడు. ఆ మరక మేం దిగేటప్పటికే ఉంది, కానీ ఫోటో తీసుకోవాలని నాకు తోచలేదు. మీరు గదిలో అడుగు పెట్టగానే ముందు తువ్వాళ్ళు, దుప్పట్లు ఫోటో తీయండి. రెండు రాత్రులకి మొత్తం 5,700 అయింది, యాప్‌లో చూపించింది 3,700. అరవబోతే రైలు టైమైందని మామయ్యగారే నా భుజం పట్టుకుని బయటికి తీసుకొచ్చారు. మెట్లు దిగడం ఎక్కడం కన్నా కష్టమైంది ఆయనకి.

రైలు కదిలాక తానీషాని బంధించిన దౌలతాబాద్ కోట ఎప్పుడు చూపిస్తారని మామయ్యగారు అడిగారు. నేను ఫోన్ తీసి హోటళ్ళు వెతకబోతే మా ఆవిడ లాక్కుంది. రైలు విజయవాడ దాటేదాకా తిరిగి ఇవ్వలేదు.