ఆరని ఖాకీ: వెట్ పాలెట్‌తో నాలుగేళ్లు

సైనిక బొమ్మలకు రంగులు వేసేవారిలో వెట్ పాలెట్ ఏమిటో తెలియనివారు ఇప్పుడు అరుదు కాబట్టి, మూత ఉన్న పెట్టె, అడుగున తడి స్పాంజి, దాని మీద రంగు కలుపుకునే పల్చని కాగితం అంటూ వర్ణించి కాలయాపన చేయను. నాలుగేళ్లుగా దాదాపు ప్రతి రాత్రీ వాడుతున్న ఈ వస్తువు గురించి నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: ఇందులో రంగు ఆరదు. ఆ గుణం చూసే దీన్ని కొన్నాను, ఆ గుణాన్నే నెత్తిన పెట్టుకున్నాను, చివరికి ఆ గుణంతోనే నాకు పేచీ వచ్చింది.

దీనికి ముందు పింగాణీ పలక మీద రంగు కలుపుకునేవాణ్ణి. 28 మిల్లీమీటర్ల బొమ్మకు చొక్కా వేయడానికి కావలసిన రంగు ఒక చుక్కకు మించదు. అంత చిన్న చుక్క దీపం వేడికి అయిదారు నిమిషాల్లోనే అంచుల నుంచి మీగడ కట్టడం మొదలుపెడుతుంది. అక్రిలిక్ రంగు నీరు ఆవిరైపోగానే ప్లాస్టిక్ పొరగా మారిపోతుంది, ఆ తర్వాత ఎంత నీరు పోసినా తిరిగి రంగు కాదు. నాకు రాత్రిపూట దొరికేది నలభై నిమిషాలు. అందులో సగం ఆరిపోయిన ఖాకీని గీకి పారేయడానికీ, మళ్లీ అదే ఖాకీని కలపడానికీ, అది నిన్నటిదానితో కలవలేదని తిట్టుకోవడానికీ సరిపోయేది. వెట్ పాలెట్ తెచ్చిన మరుసటి రాత్రి మూత తీసి చూస్తే, ముందురోజు కలిపిన గోధుమరంగు కుంచె ముంచగానే వెన్నలా లేచి వచ్చింది. ఆ రాత్రి నలభై నిమిషాలూ బొమ్మ మీదే గడిచాయి. అంత చిన్న సంగతికి అంత సంతోషం ఎందుకో, ఈ పని చేయనివారికి చెప్పి ఒప్పించడం కష్టం.

మొదటి ఏడాది ఎవరు అడిగినా ఇదే చెప్పాను, కాస్త ఎక్కువగానే చెప్పాను. లోహపు రంగుల విషయంలో ఇది పనికిరాదని మాత్రం అప్పుడే తెలిసింది. వెండిరంగులోని మెరుపు రేణువులు తడి కాగితం మీద పాకి పక్కనున్న రంగులన్నిటిలోకీ చేరతాయి, ఒక సిపాయి చెంప మీద మెరుపు కనిపించిన తర్వాత వాటికి పాత పింగాణీ పలకే వాడుతున్నాను. స్పాంజిలో నీరు ఎక్కువైతే రంగు పలచబడి బొమ్మ మడతల్లోకి జారిపోతుంది, తక్కువైతే కాగితం అంచులు లేస్తాయి. ఇవి వారం రోజుల్లో చేతికి అలవాటయ్యే విషయాలు.

అసలు కథ రెండో ఏడాదిలో మొదలైంది. తూర్పు ఆఫ్రికాలో ఎరిత్రియాలోని కెరెన్ దగ్గర 1941 ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇటాలియన్లతో జరిగిన యుద్ధానికి సంబంధించి, బ్రిటిష్ ఇండియా సైన్యంలోని రాజపుతానా రైఫిల్స్ సిపాయిలను ముప్పై మందిని చేయాలని పెట్టుకున్నాను. ముప్పై అనే లెక్క ఊరికే రాలేదు. ఆ రెజిమెంటు నాలుగో బెటాలియన్‌కు చెందిన సుబేదార్ రిచ్‌పాల్ రామ్, ఫిబ్రవరి 7 రాత్రి తన కంపెనీ కమాండర్ గాయపడగానే నాయకత్వం తీసుకుని, లక్ష్యాన్ని పట్టుకున్న తర్వాత దాదాపు ముప్పై మందితోనే తెల్లవారుజాము దాకా ఆరు ఎదురుదాడులను తిప్పికొట్టాడు. తూటాలు అయిపోయాక మిగిలిన కొద్దిమందితో శత్రువుల మధ్య నుంచి పోరాడుతూ దారి చేసుకుని వెనక్కి వచ్చాడు. అయిదు రోజుల తర్వాత, ఫిబ్రవరి 12న, మరో దాడిలో కుడి పాదం ఎగిరిపోయినా తనవాళ్లను ఉత్సాహపరుస్తూనే మరణించాడు. బ్రిటిష్ వారి అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్‌ను మరణానంతరం ఇచ్చారు. ఆ రాత్రి కొండ మీద మిగిలిన ముప్పై మందిని బల్ల మీద నిలబెట్టాలన్నదే నా కోరిక.

వాళ్ల దుస్తులు ఖాకీ డ్రిల్, అంటే గట్టి నూలు గుడ్డ, చొక్కాలు, నిక్కర్లు. దానికి ఇసుకరంగు, ఆకుపచ్చ కలిసిన గోధుమ, ఒక చుక్క బూడిదరంగు కలిపి ఒక మిశ్రమం తయారుచేశాను. బొమ్మ ఎంత చిన్నదైతే రంగు అంత ముదురుగా కనిపిస్తుంది కాబట్టి అసలు గుడ్డ కంటే ఒక పాలు తేలికగానే ఉంచాను. వెట్ పాలెట్‌లో పోసి, రాత్రికి రెండు చొప్పున ఎనిమిది రాత్రులు అదే రంగుతో పదహారు బొమ్మలు పూర్తిచేశాను. నిష్పత్తి ఎక్కడా రాసి పెట్టుకోలేదు. రంగు ఆరదు కదా, రాయడం ఎందుకు?

ఆ దశలో తొమ్మిది రోజులు ఊరు వదిలి వెళ్లవలసి వచ్చింది. మూత బిగించి వెళ్లాను. తిరిగివచ్చి తీసేసరికి ముందు వాసన తగిలింది, తడిసి మురిగిన గోనెసంచి వాసన. కాగితం మీద మిరియపు గింజంత నల్లటి చుక్కలు ఇరవై దాకా ఉన్నాయి. ఖాకీ విడిపోయింది, పసుపు అంచులకు పాకింది, మధ్యలో బూడిదరంగు మడుగు మిగిలింది, ఆ మడుగు మీద సన్నని నూగు తేలుతోంది. పరిశుభ్రత తెలిసినవారు అక్కడే ఆగిపోతారు. నేను మాత్రం మధ్యలోంచి కొంత రంగును ఒక పక్కకు లాగి, కుంచెతో కలియబెట్టి, పదిహేడో సిపాయి ఎడమ భుజం మీద పెట్టాను. రంగుతో పాటు బూజు పోగు ఒకటి దిగి, చొక్కా కుట్టు గీత మీద అడ్డంగా పడుకుంది. తడిగుడ్డతో తుడిస్తే పోగుతో పాటు కింది ప్రైమర్, అంటే మొదటి పూత, కూడా ఊడి, భుజం మీద తెల్లటి లోహం బయటపడింది. ఆ బొమ్మను ఈనాటికీ పారేయలేదు. వీపున బెడ్‌రోల్ తగిలించి ఆ భుజాన్ని కప్పేశాను.

ఆ తర్వాత మూడు రాత్రులు ఆ ఖాకీని తిరిగి పట్టుకునే ప్రయత్నంలో పోయాయి. దీపం కింద సరిగ్గా కుదిరిందనుకున్న మిశ్రమం పొద్దున్నే కిటికీ వెలుగులో చూస్తే ఆకుపచ్చకు తిరిగింది. వేర్వేరు సీసాల నుంచి కలిపిన రెండు రంగులు ఒక వెలుగులో ఒకటిగా కనిపించినా మరో వెలుగులో విడిపోతాయని అప్పుడు చేతితో నేర్చుకున్నాను. రెండో మిశ్రమం గులాబీ ఛాయకు వెళ్లింది. మూడోది మొదటిదానికి దగ్గరగా వచ్చినా పాలిపోయి ఉంది. విసుగు పుట్టి, మూడింటితోనూ మిగిలిన పద్నాలుగు బొమ్మలూ వేసేశాను. రెండో రంగు చొక్కాకు, మూడో రంగు నిక్కరుకు, ఎలా తోస్తే అలా వేశాను. చివరికి వాటిని వెనక వరుసలో దాచేయవచ్చులే అనుకున్నాను.

ముప్పై మందినీ ఒకేసారి నిలబెట్టినప్పుడు దాచవలసినవి వెనకవి కావని తెలిసింది. మొదటి పదహారు మంది అచ్చంగా ఒకే తానులో ముక్కల్లా ఉన్నారు. అప్పుడే గిడ్డంగి నుంచి గుడ్డలు తీసుకుని కవాతుకు నిలబడ్డవాళ్లలా ఉన్నారు. పద్నాలుగు మంది మాత్రం ఎక్కడి నుంచో నడిచి వచ్చినవాళ్లలా ఉన్నారు. నిజంగానే వాళ్లు చాలా దూరం నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల బెటాలియన్ ఉన్న 4వ భారత డివిజన్ 1940 డిసెంబరు 9 నుంచి ఈజిప్టు ఎడారిలో సిదీ బర్రానీ దగ్గర పోరాడి, అక్కడి నుంచి సూడాన్ మీదుగా ఎరిత్రియా కొండలకు రెండు నెలల్లోపే చేరింది. ఎండకు వెలిసి, చెమటకు ఉప్పు చారలు కట్టి, దొరికిన నీళ్లలో ఉతుక్కున్న చొక్కా ఒకడిది. చిరిగిపోతే కొత్తది తీసుకున్న చొక్కా పక్కవాడిది. ఆ రెండూ ఒకే రంగులో ఎలా ఉంటాయి? ఆ ప్రశ్న నాకు ఎనిమిది రాత్రుల్లో ఒక్కసారి కూడా తట్టలేదు. పాలెట్ రోజూ అదే రంగు ఇస్తుంటే నేను రోజూ అదే రంగు వేస్తూ పోయాను.

ఖాకీ అనే మాట చరిత్రే దీనికి సాక్ష్యం చెబుతుంది. పారశీకంలో ఖాక్ అంటే మట్టి, దుమ్ము. 1846లో పెషావర్‌లో హ్యారీ లమ్స్‌డెన్ ఏర్పాటు చేసిన గైడ్స్ దళంతో సైన్యంలోకి వచ్చిన ఈ రంగు, చాలాకాలం ఒక రంగు కాదు, రంగుల గుంపు. 1857లో బ్రిటిష్ రెజిమెంట్లు తమ తెల్ల డ్రిల్ దుస్తులను టీ నీళ్లతోనూ, బురదతోనూ, చేతికందినదానితోనూ అద్దుకున్నప్పుడు ఒకడు బూడిదగానూ ఒకడు గోధుమగానూ తేలాడు. మిల్లుల్లో నిలకడైన అద్దకం కుదిరాక కూడా, గుడ్డ దుకాణంలో ఉన్న రంగు వేరు, ఆరు నెలలు వంటి మీద ఉన్న రంగు వేరు. 1941 ఫిబ్రవరిలో ట్రిపోలీలో దిగిన జర్మన్ ఆఫ్రికా కోర్ దళం వారి ఆలివ్ పచ్చ దుస్తులు ఎండలో అంతకంటే ఘోరంగా వెలిసిపోయాయి. వెలిసిన టోపీ పాతకాపుకు గుర్తు అయింది. ఒకే దళంలో ముదురు పచ్చా, గడ్డి రంగూ, దాదాపు తెలుపూ పక్కపక్కన నిలబడ్డాయి.

ట్యాంకుల సంగతి అడగనే వద్దు. 1943 ఫిబ్రవరి నుంచి జర్మన్ సైన్యం ముదురు పసుపును మూల రంగుగా పెట్టి, పైన వేసుకునే ఆలివ్ పచ్చ, ఎరుపు గోధుమ రంగులను ముద్దగా డబ్బాల్లో సిబ్బందికే ఇచ్చేది. దాన్ని నీళ్లతోనో పెట్రోలుతోనో పలచన చేసుకుని వాళ్లే పూసుకోవాలి. ఒకడి చేతిలో చిక్కగా, మరొకడి చేతిలో పలచగా, ఇంకొకడి చేతిలో కింది పసుపు కనిపించేంత పలచగా అయింది. యుద్ధరంగంలో రంగు కలిపినవాడికి నాకంటే మంచి పాలెట్ లేదు, బహుశా నాకంటే తక్కువ సమయమూ ఉండి ఉంటుంది. వాడి పొరపాట్లను అచ్చంగా ఒకే రంగుతో చిత్రించడానికి నేను డబ్బు పెట్టి పరికరం కొన్నాను.

ఇంత చెప్పి, పెట్టెను అటకెక్కించానా అంటే, లేదు. ముఖాలకు దీన్ని మించినది నాకు దొరకలేదు. చర్మం ఛాయలు నాలుగింటిని వరుసగా పోసుకుని, కళ్ల కింది నీడ నుంచి ముక్కు దూలం మీది వెలుగు దాకా ఒకదానిలో ఒకటి కలుపుకుంటూ పోవాలంటే రంగు ఆరకూడదు. అక్కడ ఆరని గుణం వరమే. దుస్తులకు మాత్రం పద్ధతి మార్చాను. ఏ మిశ్రమాన్నీ మూడు రాత్రులకు మించి ఉంచను. రోజూ ఒక చుక్క ఇసుకరంగో, ఒక చుక్క గోధుమో చేర్చి ముందురోజు ఖాకీని కొంచెం పక్కకు జరుపుతాను. ప్రతి ఆరుగురిలో ఒకడికి పూర్తిగా వేరే చొక్కా వేస్తాను. స్పాంజిని వారానికోసారి సబ్బుతో కడిగి ఎండబెడతాను, మరిగించి చల్లార్చిన నీళ్లు పోస్తాను. రాగి ముక్క వేస్తే బూజు రాదని చెప్పేవారున్నారు, వేసి చూశాను. నాలుగు రోజులకు రావలసిన బూజు వారానికి వచ్చింది, అంతే.

మొదటి ఏడాది నా మాట విని దీన్ని కొన్నవారికి ఇప్పుడు చెప్పవలసింది ఒకటుంది. రాత్రికి అరగంట మాత్రమే దొరికేవారికి, విడి బొమ్మలను, ముఖ్యంగా 1/35 స్థాయిలో, అంటే అసలు కొలతలో ముప్పై అయిదో వంతుగా, ఒక్క సైనికుణ్ణి నెలల తరబడి చెక్కేవారికి దీన్ని ఇప్పటికీ సంకోచం లేకుండా సిఫారసు చేస్తాను. వారాంతంలో ఒకే విడతలో దళమంతా ముగించేవారికి పలకే చాలు. గాలిలో తేమ ఎక్కువగా ఉండే చోట, మధ్యమధ్య రోజుల తరబడి పని ఆపవలసి వచ్చేవారు కొనేముందు ఆలోచించాలి. నేను ఆ రెండు కోవల్లోకీ వస్తాను, అయినా వాడుతున్నాను, కాబట్టి నా సలహా ఎంతవరకు తీసుకోవాలో వారే తేల్చుకోవాలి.

ఆ మొదటి పదహారు మంది చొక్కాలను ఈ నెలలో మళ్లీ వేస్తున్నాను. ఆరుగురివి అయిపోయాయి, పైనుంచి పలచని ఇసుకరంగు పూతతో భుజాలు, వీపులు వెలిసినట్లు చేస్తున్నాను. పాలెట్‌లో ఉన్న ఖాకీకి ఇవాళ మూడో రాత్రి. ఇంకా మెత్తగానే ఉంది, ఇద్దరికి సరిపడా ఉంది. రేపు తుడిచేస్తాను.